ఎంజీ టీడీకి "కంప్లీట్ ఒరిజినల్" టూల్ కిట్ అంటున్నారు, తీసుకోవచ్చా?

#1 కట్టమంచి కుర్రాడు, చిత్తూరు

అందరికీ నమస్కారం. మా పెదనాయన నడిపిన 1951 ఎంజీ టీడీ, అంటే ఇంగ్లండు పాత స్పోర్ట్స్ కారు, ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంజను, బ్రేకులు, వైరింగు, సీట్ల తోలు పని అన్నీ అయిపోయినాయి. మొన్న మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు దాకా పోయొచ్చినాం, ఎక్కడా మొరాయించలేదు. ఇక మిగిలింది బానెట్ కింద ఉండే టూల్ బాక్సే. మూత ఎత్తితే ఒక ప్లగ్గు స్పానరు, దాని టామీ రాడ్డు, ఎలకలు కొరికిన కాన్వాస్ గుడ్డ తప్ప ఏమీ లేవు. ఓనర్ హ్యాండ్‌బుక్ ఉంది గానీ వెనక అట్ట ఊడిపోయింది. పిన్నులు తుప్పు పట్టి, ఆ తుప్పు పేజీల్లోకి దిగింది.

పాత సామాన్ల గ్రూపులో ఒకాయన "టీడీ కంప్లీట్ ఒరిజినల్ టూల్ కిట్, కారుతో పాటే వచ్చింది" అని పెట్టినాడు. 85 వేలు చెబుతున్నాడు. ఫోటోల్లో కాన్వాస్ చుట్ట, ఐదు డబుల్ ఎండ్ స్పానర్లు, ఒక రెంచి, ప్లయరు, గ్రీజు గన్, టైరు పంపు, ఒక పక్క రాగి, ఇంకో పక్క తోలు ఉన్న సుత్తి, హబ్ క్యాప్ తీసే బద్ద కనబడుతున్నాయి. స్పానర్లన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. జూమ్ చేసి చూస్తే మూడింటి మీద 1/4 డబ్ల్యూ, 5/16 డబ్ల్యూ లాంటి గుర్తులున్నాయి. రెండింటి మీద 7/16 ఏఎఫ్, 1/2 ఏఎఫ్ అని ఉంది. దీనితో పాటు లండన్ ఆటోమొబైల్ అసోసియేషన్ బ్యాడ్జి కూడా ఇస్తానంటున్నాడు, ముందు గ్రిల్ దగ్గర పెట్టుకోవడానికి.

ఇలాంటి కిట్టు మన వైపు మళ్లీ దొరకదేమోనని ఆత్రంగా ఉంది. చూసిన వాళ్లు చెప్పండి.

#2 హెరాల్డ్ మామ, తిరుపతి

అడ్వాన్సు పంపవద్దు అల్లుడూ. ముందు స్పానర్ల రెండు పక్కల ఫోటోలు, సుత్తి పిడి ఫోటో, గ్రీజు గన్ ముక్కు ఫోటో అడుగు. ఇచ్చేవాడైతే ఈ రోజే ఇస్తాడు. మన ఫిట్టర్ సారు చూసినాక మాట్లాడుకుందాం.

#3 రేణిగుంట ఫిట్టర్, తిరుపతి

నైనా, ఫోటోలు చూసినా. స్పానర్ల కాడే విషయం బయటపడిపోయింది.

డబ్ల్యూ అని ఉండేది విట్‌వర్త్ లెక్క. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషాయన 1841లో బోల్టు మరలకు (థ్రెడ్లకు) పెట్టిన కొలత అది, మర కోణం 55 డిగ్రీలు. ఆ స్పానరు మీద రాసేది నోటి వెడల్పు కాదు, లోపల పట్టే బోల్టు మందం. 1/4 డబ్ల్యూ స్పానరు నోట్లో కాలిపర్ పెట్టి చూడు, 0.525 అంగుళం వస్తాది. ఏఎఫ్ అని ఉంటే అది ఇంకో లెక్క. నట్టు ఎదురెదురు ముఖాల మధ్య దూరాన్నే స్పానరు మీద రాస్తారు. 7/16 ఏఎఫ్ అంటే నోరు అంతే.

ఈ రెండూ ఒకే చుట్టలో ఉండాయంటే రెండు బండ్ల సామాన్లు కలిపినారు. నీ టీడీ ఇంజనుకు, ఛాసిస్‌కు ఏఎఫ్ స్పానరుతో పని లేదు. పాకాల లైన్లో ఆవిరి బండ్లు తిరిగే రోజుల్లో మేము ఎత్తింది విట్‌వర్త్ స్పానర్లే, ఆ గుర్తులు నాకు కండ్లు మూసుకున్నా తెలుస్తాయి. ఆ మూడు విట్‌వర్త్‌లు పాతవే. గుర్తు అక్షరాల అంచులు అరిగి పల్చబడినాయి చూడు, అంటే ఎవరో బఫింగ్ మిషన్ మీద పెట్టి రుద్ది, ఆ మీద క్రోము పోయించినారు. పాత స్పానరు వొళ్లంతా ఫోర్జింగు గరుకు ఉంటాది, నోటి కాడ మాత్రమే మిషన్ మీద నున్నగా కోసుంటారు. ఇక్కడ ఆ తేడానే లేదు, అంతా ఒకటే నున్నగా ఉంది. పని చేస్తాయి. కానీ 85 వేల సరుకు కాదు.

#4 కోవెంట్రీ తెలుగోడు, ఇంగ్లండు

ఫిట్టర్ సార్ చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒక కథ ఉంది, నేనుండే ఊరిదే.

ఎంజీకి మూలమైన మోరిస్ కార్ల కంపెనీ వాళ్లు 1923లో కోవెంట్రీలోని హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ ఇంజన్ల ఫ్యాక్టరీ కొన్నారు. అక్కడి మిషన్లు మెట్రిక్ మరలు కోసేవి. ఖర్చు పెట్టి మిషన్లు మార్చడం ఎందుకని మరలు మెట్రిక్‌లోనే ఉంచేశారు. కానీ ఇంగ్లండులో ఏ షెడ్డుకు పోయినా ఉన్నవి విట్‌వర్త్ స్పానర్లే. అందుకని బోల్టు తల, నట్టు మాత్రం విట్‌వర్త్ సైజులో పెట్టారు. ఆ పద్ధతి అలాగే సాగి ఎంజీ టీడీలో, దాని ముందు మోడల్ టీసీలో ఉండే 1250 సీసీ ఎక్స్‌పీఏజీ ఇంజన్ దాకా వచ్చింది. ఇంజన్లో మెట్రిక్ మర, విట్‌వర్త్ తల. ఛాసిస్‌కు వస్తే బీఎస్ఎఫ్ అనే ఇంగ్లీషు సన్న మరలు, వాటికీ విట్‌వర్త్ స్పానర్లే. ఎంజీ స్పోర్ట్స్ కార్లలో ఏఎఫ్ స్పానర్ల అవసరం ప్రధానంగా 1955లో వచ్చిన ఎంజీఏతో మొదలైంది. కాబట్టి ఆ రెండు స్పానర్లు ఎంజీఏవో, ఆ తర్వాత వచ్చిన ఇంకో బండివో.

నాకు అసలు అనుమానం వచ్చింది సుత్తి చూసి. రాగి సుత్తి దేనికి? వైరు చక్రాల మధ్యలో ఉండే రెక్కల నట్టును కొట్టి విప్పడానికి, ఇనుముతో కొడితే క్రోము లేచిపోతుందని రాగి, తోలు పెడతారు. టీసీకి 19 అంగుళాల వైరు చక్రాలు, దానికి ఈ సుత్తి కావాలి. టీడీకి ఫ్యాక్టరీ ఇచ్చింది 15 అంగుళాల రేకు చక్రాలు, నట్లు బిగించేవి. దానికి వీల్ స్పానరు, హబ్ క్యాప్ బద్ద ఉండాలి. ఒకే కిట్లో సుత్తీ, హబ్ క్యాప్ బద్దా రెండూ ఉన్నాయంటే అది ఒక్క కారుతో వచ్చింది కాదు. పైగా వీల్ స్పానరే లేదు!

తమ్ముడూ, బండి ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రాసుకున్నావా? టీడీ ఛాసిస్ నంబర్లు 0251 నుంచి మొదలవుతాయి. అబింగ్‌డన్‌లోని ఎంజీ ఫ్యాక్టరీ ఫోన్ నంబరు 251, అందుకే ఆ రోజుల్లో వాళ్లు చాలా మోడళ్లను ఆ నంబరుతోనే మొదలుపెట్టేవాళ్లు. ఇంకో పని కూడా చెయ్యి. డైనమో, స్టార్టరు మోటారు, డిస్ట్రిబ్యూటర్ మీద వాటిని తయారుచేసిన లూకాస్ కంపెనీ వాళ్లు నెల, సంవత్సరం కొట్టి ఉంటారు. "4 51" అని కనబడితే అది 1951 ఏప్రిల్లో తయారైన సామాను. మూడు నాలుగు చోట్ల ఒకే కాలం కనబడితే బండి ఎప్పుడు కట్టారో దాదాపు తెలిసిపోతుంది. ఏ కిట్టు, ఏ ముద్రణ హ్యాండ్‌బుక్ వెతకాలో దాన్ని బట్టే ఉంటుంది.

#5 కట్టమంచి కుర్రాడు, చిత్తూరు

అన్నా, సారూ, చాలా థ్యాంక్స్. పొద్దున్నే బానెట్ ఎత్తి టార్చి వేసి చూసినా. డైనమో మీద 3 51, డిస్ట్రిబ్యూటర్ మీద 2 51 ఉన్నాయి. స్టార్టరు మీద మట్టి గట్టిపడింది, కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే 3 51 బయటపడింది.

అమ్మే ఆయన్ని సుత్తి గురించి అడిగితే "అన్ని ఎంజీలకూ ఇదే ఇస్తారు" అన్నాడు. ఏఎఫ్ సంగతి అడిగినా, జవాబు లేదు.

#6 మదనపల్లె షెడ్డు, మదనపల్లె

సోదరా, నేను చెప్పేది కొంచెం వేరుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. టూల్ కిట్ ఉండేది బండి దారిలో ఆగితే వాడుకోవడానికి. 85 వేలు పోసి కొన్న స్పానరును ఎవరూ గ్రీజులో పెట్టరు. దానికన్నా టపారియా స్పానర్ల సెట్టు ఒకటి సీటు వెనక పెట్టుకో. అమెరికాలో మాస్ మోటార్స్ లాంటి వాళ్లు టీ సిరీస్ సామాన్లు కొత్తవి చేసి అమ్ముతారు, టూల్ బాక్స్ కోసం అవి తెప్పించుకో. పాతది ఏదైనా చేతికొస్తే తుప్పు గీకి నికెల్ పోయించు, పదేళ్లు చెక్కు చెదరదు. మా దగ్గరికి వచ్చే బండ్లకు మేము అట్లే చేస్తాం. ఓనర్లు సంతోషంగా ఉన్నారు, బండ్లు తిరుగుతున్నాయి. పాత బండి తిరగడమే కదా మనకు కావాల్సింది.

#7 రేణిగుంట ఫిట్టర్, తిరుపతి

మదనపల్లె అబ్బాయ్, బండి తిరగాలనే మాటకు నేనూ చేతులు జోడిస్తా. కానీ టపారియా మెట్రిక్ సెట్టు ఈ బండి మీద పెట్టకూడదు, ఎందుకో లెక్క చెబుతా ఇను.

1/4 డబ్ల్యూ తల మిల్లీమీటర్లలో 13.3. పదమూడు నంబరు స్పానరు ఎక్కదు. పద్నాలుగు ఎక్కుతాది, వదులుగా తిరుగుతాది, రెండు సార్లు గట్టిగా లాగితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. 3/16 డబ్ల్యూ 11.3, పదకొండు పట్టదు, పన్నెండు జారిపోతాది. 5/16 డబ్ల్యూకు పదిహేను కొంచెం టైటు, పదహారు లూజు. 3/8 డబ్ల్యూ ఒక్కటి 18కి సరిపోతాది. పాత ఎంజీ ఇంజన్లలో నట్లు గుండ్రంగా అయిపోయినవి ఎన్ని చూసినా కారణం ఇదే.

దీనికన్నా పెద్ద ప్రమాదం మరల కాడ ఉంది. ఎక్స్‌పీఏజీలో 8 మిల్లీమీటర్ల బోల్టుకు మర అడుగు, అంటే పంటికీ పంటికీ మధ్య దూరం, 1 మిల్లీమీటరు. అంగట్లో ఎనిమిది బోల్టు అడిగితే ఇచ్చేది 1.25 అడుగుది. మొదటి రెండు చుట్లు బాగానే దిగుతాది, ఆడి నుంచి బిగుస్తాది. తుప్పేమో అనుకుని స్పానరు వేసి తిప్పినావా, బ్లాకులో మర మొత్తం పోతాది. కొత్త బోల్టు పెట్టే ముందు మర గేజి పెట్టి చూసుకోవాల. మర గేజి లేకుంటే పాత బోల్టు, కొత్త బోల్టు పక్కపక్కన ఆనించి వెలుతురుకు ఎదురుగా పెట్టు. పండ్ల మధ్య వెలుగు కనబడితే అది నీ బండి బోల్టు కాదు.

స్పానర్ల కోసం విదేశాల దాకా పోవద్దు నైనా. మన పల్లెల్లో పాత లిస్టరు రకం ఆయిల్ ఇంజన్లకు విట్‌వర్త్ స్పానర్లే వాడేది. పాత బుల్లెట్ బండి కిట్టులోనూ అవే ఉంటాయి. బోర్లు, కరెంటు మోటార్లు వచ్చినాక ఆ ఇంజన్లు మూలకు పడినాయి, స్పానర్లు అటకెక్కినాయి. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు వైపు ముసలోళ్లను అడుగు.

#8 తాళపత్రం, తిరుపతి

తమ్ముడూ, నేను పాత పుస్తకాలు, కాగితాల సంరక్షణ పని చేస్తాను. స్పానర్ల గురించి తెలియదు గానీ నీ హ్యాండ్‌బుక్ ఫోటో చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. ఆ కిట్టు సంగతి తర్వాత, ముందు నీ చేతిలో ఉన్న పుస్తకాన్ని కాపాడుకో. అది ఆ కారుతో వచ్చిందే అయితే అంతకన్నా ఒరిజినల్ సామాను నీకు ఇంకేదీ దొరకదు.

దయచేసి ల్యామినేషన్ చేయించకు. సెల్లో టేపు అసలు వద్దు, దాని జిగురు పసుపు పచ్చ మరకై కాగితంలోకి ఇంకిపోతుంది, ఆ తర్వాత దాన్ని తీయడం మా వల్ల కూడా కాదు. మన దగ్గర తాటాకు ప్రతులకు నిమ్మగడ్డి నూనె రాస్తారు కాబట్టి కాగితానికి కూడా రాయవచ్చని కొందరు అనుకుంటారు. తాటాకుకు అది మేలు చేస్తుంది, కాగితం మీద మాత్రం నూనె మరకే మిగులుతుంది.

తుప్పు పిన్నులు లాగవద్దు. పుస్తకం మధ్య పేజీకి తెరిచి, పిన్ను రెండు కాళ్లనూ పల్చటి చెక్క పుల్లతో నెమ్మదిగా నిలబెట్టి, వెనక నుంచి బయటకు తీయాలి. ఒక కాలు విరిగినా పరవాలేదు, కాగితం చిరగకూడదు. తర్వాత అవే రంధ్రాల్లోంచి నూలు దారంతో కుట్టుకోవచ్చు. ఊడిన అట్టకు జపాను టిష్యూ, గోధుమ పిండిలోంచి తీసిన పిండిజిగురు వాడతాం. ఆ జిగురును ఎప్పుడు కావాలంటే అప్పుడు తడితో విప్పేయవచ్చు, ఫెవికాల్‌తో ఆ వీలు ఉండదు. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచు. గోడకు ఆనించిన బీరువాలో వద్దు, వానాకాలంలో గోడ చెమ్మ లాగుతుంది, చెమ్మ ఉన్న చోటికి వెండిచేపలు అనే కాగితం తినే పురుగులు చేరతాయి.

పేజీల మీద గ్రీజు వేలిముద్రలు కనబడుతున్నాయి కదా, వాటిని తుడవకు. కార్బురేటర్ పేజీలో, బ్రేకుల పేజీలో ముద్రలు ఎక్కువ ఉన్నాయంటే మీ పెదనాయన ఆ పనులు సొంతంగా చేసుకున్నారన్నమాట.

ఒరిజినలో రీప్రింటో తెలుసుకోవాలంటే భూతద్దం చాలు. పాత ముద్రణలో ఫోటోల చుక్కలు శుభ్రంగా, ఒకే వరుసలో ఉంటాయి. అచ్చు బొమ్మను మళ్లీ ఫోటో తీసి వేసిన దానిలో చుక్కల మీద చుక్కలు పడి అలల్లా చారలు వస్తాయి. పాత ప్రతి మీది మరకలు, గీతలు కూడా అచ్చులో పడిపోతాయి. మరక ఉన్న పేజీ తిప్పి చూడు. నిజమైన మరక వెనక్కి దిగుతుంది, అచ్చులో పడ్డ మరకకు వెనక ఏమీ ఉండదు.

షెడ్డులో వాడుకోవడానికి మాత్రం ఒక రీప్రింటు కొనుక్కో, లేదా దీన్నే స్కాన్ చేసుకో.

#9 పల్లావరం శుక్రవారం, చెన్నై

నేను శ్రీకాళహస్తి వాడిని, ఉద్యోగం చెన్నైలో. పాత సామాను వెతకడం నాకు పిచ్చి.

తమ్ముడూ, నీ అదృష్టం ఏమిటంటే చిత్తూరు పాత మద్రాసు-బెంగళూరు రోడ్డు మీద ఉంది. రాణిపేట, చిత్తూరు, పలమనేరు, ముళబాగల్, కోలారు, ఇదే అప్పటి దారి. ఆ రోడ్డు పక్కన పాత షెడ్లున్న ఊళ్లన్నీ నీకు వెతుకులాట చోట్లే. మద్రాసు దగ్గరి షోలవరం రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో బెంగళూరు నుంచి వచ్చే బండ్లు ఈ దారినే వచ్చేవి. ఆగిన బండి సామాను షెడ్డులో వదిలేసి పోయినవాళ్లు ఎంతమందో!

చెన్నైలో పుదుపేటకు వెళ్తే ఇనప సామాన్ల కొట్లవాళ్లు స్పానర్లు బస్తాల్లో పోసి ఉంచుతారు. అడిగితే లేవంటారు, కాబట్టి అడగవద్దు, కూర్చుని బస్తాలో చెయ్యి పెట్టి వెతుక్కో. పల్లావరం శుక్రవారం సంతకు పొద్దున్నే పోవాలి, ఎండ ఎక్కితే మంచివి ఉండవు. బెంగళూరులో ఆదివారం సంత, జేసీ రోడ్డు వెనక సందులు. ముంబై చోర్ బజార్లో సరుకు ఉంటుంది గానీ ధర వాళ్ల చేతిలో ఉంటుంది. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోకుండా ఉండి ఉంటే పుస్తకాలకు వేరే చోటు చెప్పే పనే లేదు.

వెతికేటప్పుడు రెండు జేబులో పెట్టుకో: చిన్న అయస్కాంతం, కాలిపర్. గ్రీజు గన్ దొరికితే పిస్టను తిరుగుతోందా, ముక్కు నీ బండిలో గ్రీజు ఎక్కించే నిపుల్‌కు కూర్చుంటుందా చూడు. గన్ మీద టెకాలమిట్ అనే కంపెనీ పేరు ఉంటే వదలవద్దు. పంపుకు లోపలి తోలు వాషరు ఎండిపోయి ఉంటుంది, దాన్ని చూసి వద్దనుకోకు. తోలు ముక్క కొత్తగా కోసి, ఆముదంలో నానబెట్టి వేస్తే గాలి పడుతుంది.

#10 మదనపల్లె షెడ్డు, మదనపల్లె

ఫిట్టర్ సార్, మర గేజి సంగతి మా కుర్రాళ్లకు ఈ రోజే చెప్పి, గోడ మీద రాయించాను. మెట్రిక్ స్పానర్ల మాట వెనక్కి తీసుకుంటున్నా. ప్లేటింగ్ విషయంలో మాత్రం నా మాట అదే. తుప్పు ఉంచితే లోహం తినేస్తుంది. అలాగే ఉంచమనడం సామాన్ని చంపడమే కదా?

#11 హెరాల్డ్ మామ, తిరుపతి

తుప్పు ఉంచమని ఎవరూ అనలేదు. తుప్పు తీసేటప్పుడు లోహాన్ని తీయకూడదన్నదే మా బాధ. డీజిల్లోనో కిరసనాయిల్లోనో రెండు మూడు రోజులు నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో రుద్దితే పైతుప్పు పోతుంది, నల్లటి పొర నిలుస్తుంది. ఆ పొరే స్పానరుకు రక్ష. చింతపండు రసంలో పెట్టి మర్చిపోతే లోహం కూడా తింటుంది. చాకలి సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జరు పెట్టి కరెంటుతో తుప్పు తీసే పద్ధతి మంచిదే, కానీ క్రోము ఉన్న సామానుకు వద్దు, రెండో పక్క స్టీలు గిన్నె ముక్క అస్సలు పెట్టకూడదు, అందులోంచి విషం నీళ్లలోకి దిగుతుంది. మామూలు ఇనప ముక్క పెట్టాలి, కిటికీలు తెరిచి చేయాలి. చివర పల్చగా మిషన్ ఆయిల్ పూసి తుడిస్తే చాలు.

ఇంకో పెద్ద విషయం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ట్యూరిన్ ఛార్టర్ అని ఒకటి ఒప్పుకుంది. మార్చిన భాగం మిగతా వాటితో కలిసిపోవాలి గానీ, అది మార్చినదని చూస్తే తెలియాలి, రాసి ఉండాలి అనేది అందులో ముఖ్యమైన మాట. టూల్ కిట్టుకు కూడా ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. నాలుగు చోట్ల నుంచి సరైన కాలం సామాను ఏరి కిట్టు కట్టడం తప్పు కాదు, చాలా గొప్ప పని. దాన్ని "కారుతో వచ్చింది" అని చెప్పడమే అన్యాయం. అట్లా చెప్పి అమ్మిన కిట్టు రేపు నీ దగ్గర్నుంచి ఇంకొకరికి పోతుంది, ఆ అబద్ధం కూడా దాంతో పాటే పోతుంది. అందుకని చిన్న నోటు పుస్తకం పెట్టు అల్లుడూ. ఏ స్పానరు ఏ ఊళ్లో, ఏ రోజు, ఎంతకు, ఎవరి బండిదో రాయి. ప్లగ్గు స్పానరు, టామీ, చిరిగిన కాన్వాస్ మాత్రం "బండితో వచ్చినవి" అని వేరే పేజీలో రాయి. ఆ గుడ్డ పారెయ్యకు, కొత్త చుట్ట కుట్టించడానికి కొలత అదే.

బ్యాడ్జి మాటకు వస్తే, 1951లో చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. లండన్ బ్యాడ్జి ఆ బండికి ఎందుకు? మీ ఇంటి ఆల్బంలో కారు ఫోటో ఉందేమో చూడు. దక్షిణ భారత ఆటోమొబైల్ అసోసియేషన్ బ్యాడ్జి ఉంటే దానినే వెతుకు, ఏదీ లేకుంటే ఏదీ పెట్టకు.

నా స్వార్థం కూడా చెప్పేస్తా. నా స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో తయారైంది, దానికి కావాల్సింది ఏఎఫ్ స్పానర్లే. 1962 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి కట్టిన స్పోర్ట్స్ కారే, రెండింటి రూపం గీసిందీ ఇటలీ మికెలోట్టియే. మన వైపు స్పిట్‌ఫైర్ ఉన్నవాళ్లకు కూడా హెరాల్డ్ స్పానర్లు పట్టేస్తాయి. ఆ 7/16, 1/2 విడిగా ఇస్తాడేమో అడుగు, నేను తీసుకుంటా.

#12 ఈటైప్ బెంగళూరు

మాది కుప్పం, ఉండేది బెంగళూరు. జాగ్వార్ ఈటైప్ ఉంది. మామ చెప్పిన నోటు పుస్తకం పద్ధతి నేను ఇప్పటికే పాటిస్తున్నాను, మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

మోడల్ పేరు చూసి కిట్టు కొనవద్దు, సంవత్సరం చూసి కొనండి. ఈటైప్ 1961 నుంచి 1975 దాకా వచ్చింది. మొదట్లో చక్రం నట్టుకు రెండు చెవులు ఉండేవి, రాగి సుత్తితో చెవి మీద కొట్టి విప్పేవాళ్లం. అమెరికా భద్రతా నిబంధనల వల్ల 1960ల చివర్లో ఆ చెవులు పోయాయి. సుత్తి అలాగే ఉండి, దానితో పాటు నట్టుకు తొడిగే అడాప్టరు ఒకటి వచ్చి చేరింది. అడాప్టరు ఉన్న కిట్టును 1962 కారులో పెడితే చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. పోర్షా 911లో కూడా అంతే, 1970లలో గాలి తీసి మడిచే స్టెపినీ వచ్చాక సామాన్లలో కరెంటు కంప్రెసర్ చేరింది.

నా బండివి చెవుల నట్లే, సుత్తి లేదు. తమ్ముడూ, పిడి మీదో తల మీదో థార్ అనే సుత్తుల కంపెనీ గుర్తు ఉందేమో అడిగి చెప్పు. ఉంటే నేను కొంటాను.

#13 కట్టమంచి కుర్రాడు, చిత్తూరు

అప్‌డేట్ ఇస్తున్నా. మీరు చెప్పినవన్నీ మర్యాదగా రాసి పంపినా. రెండు రోజులు మౌనం. తర్వాత ఆయనే ఫోన్ చేసి, కిట్టు తను కూడా ఒక వేలంలో లాటుగా కొన్నానని, ఏది ఏ బండిదో తనకు తెలియదని ఒప్పుకున్నాడు. విడివిడిగా ఇస్తానన్నాడు. ఒక్కటే మాట అడిగినా, ఆ ప్రకటనలో "కారుతో పాటే వచ్చింది" అనే వాక్యం తీసెయ్యమని. తీసేసినాడు.

మూడు విట్‌వర్త్ స్పానర్లు, హబ్ క్యాప్ బద్ద, గ్రీజు గన్ నేను తీసుకుంటున్నా. గన్ మీద టెకాలమిట్ పేరు స్పష్టంగా ఉంది. అన్నీ కలిపి 14 వేలకు కుదిరింది. సుత్తి తల మీద థార్ గుర్తు ఫోటోలో కనబడుతోంది, ఈటైప్ అన్నకు నంబరు పంపినా. ఏఎఫ్ రెండూ మామకు. జాకీ, వీల్ స్పానరు, పంపు తొందరపడకుండా వెతుకుతా. పంపు గొట్టం మీద ఎవరో కొత్త రంగు కొట్టినారు, కింద ఏముందో తెలియడం లేదు, అందుకని వదిలేసినా.

ఆల్బంలో ఫోటో దొరికింది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు మీద, వంపులో ఆపి తీసినది. 1944లో వేసిన ఆ రోడ్డు మీద మా బండి! గ్రిల్ ముందు బ్యాడ్జీ లేదు, ఫాగ్ ల్యాంపు మాత్రం ఒకటి ఉంది, ఎడమ వైపు. ముందు బంపరు బ్రాకెట్ దగ్గర రెండు రంధ్రాలకు లప్పం పెట్టి రంగు కొట్టించేసినామని మా పెయింటర్ ఇప్పుడు చెబుతున్నాడు. ఆ ల్యాంపు ఏదో గుర్తుపట్టగలరా? ఫోటో పెద్దది చేసి పెట్టినా.

తాళపత్రం అక్కా, పిన్నులు మీరు చెప్పినట్టు తీసినా, కాగితం చిరగలేదు. కుట్టుకు మీ దగ్గరికి రావచ్చా?

#14 తాళపత్రం, తిరుపతి

తప్పకుండా రా. వచ్చే ముందు పుస్తకాన్ని రెండు అట్టల మధ్య పెట్టి నూలు గుడ్డతో కట్టు, రబ్బరు బ్యాండు వేయకు. వెనక అట్ట ముక్కలు చిన్నవైనా సరే కవర్లో వేసుకుని రా. ముద్రణ నంబరు చాలాసార్లు ఆ అట్ట కింది అంచులోనే ఉంటుంది.

#15 కోవెంట్రీ తెలుగోడు, ఇంగ్లండు

ఫోటో చూశాను. అద్దం మీద నిలువు గీతలు, నడుమ గుండ్రటి బొడిపె చూస్తే లూకాస్‌లా ఉంది. మోడల్ మాత్రం ఈ ఫోటోలో చెప్పలేను. రెండు రంధ్రాల మధ్య దూరం, రంధ్రం వ్యాసం కొలిచి పెట్టు. ప్రతి సెప్టెంబరులో ఇక్కడి బ్యూలీ ఊళ్లో ఆటోజంబుల్ అనే పాత బండి సామాన్ల సంత జరుగుతుంది, 1967 నుంచి నడుస్తోంది. నేను ఎలాగూ వెళ్తాను. వీల్ స్పానరు కోసం నీ చక్రం నట్టు కొలత, గ్రీజు నిపుల్ పక్కన స్కేలు పెట్టిన ఫోటో కూడా పంపు.

#16 రేణిగుంట ఫిట్టర్, తిరుపతి

నట్టు కొలిచేటప్పుడు రంగు గీకి కొలువు నైనా. రంగు మందం కలిస్తే లెక్క తప్పుతాది. మూడు నట్లు కొలిచి, మూడూ ఒకటే వస్తేనే ఆయనకు పంపు.